తూరుపు కొండ మూసిన ఆషాఢాలు

మా ఊళ్లో ఆషాఢం వచ్చిందంటే తూరుపు కొండ మూసేసేవారు. కొండకి తలుపులేమిటి, మూయడమేమిటి అని మా మనవడు నవ్వుతాడు. పశువులు కొండెక్కే దారి మొదట్లో ఒక పెద్ద చింతచెట్టు ఉండేది. దాని కొమ్మకి వేపమండ కట్టి, ఆ సాయంత్రం ఊళ్లో డప్పు చాటింపు వేస్తే కొండ మూసినట్టే. మళ్లీ కార్తీకం దాకా ఆ వైపు ఏ పశువూ మెడ తిప్పకూడదు. తప్పి తిప్పితే బందెలదొడ్డి, అంటే జరిమానా కట్టేదాకా పశువుని కట్టేసి ఉంచే ఊరి దొడ్డి.

మా ఊరు సింహాచలం కొండల వరసకి ఉత్తరం అంచున, ఆనందపురం వెళ్లే దారికి కాస్త లోపలగా ఉండేది. ఇప్పుడక్కడ విశాఖ సిటీ బస్సు ఆగుతుంది, ఊరు పేరు బస్టాపు బోర్డు మీద మిగిలింది. నేను చెబుతున్నది 1975 ప్రాంతాల మాట. అప్పుడు నాకు పదకొండేళ్లు. ఊళ్లో నూట ఇరవై దాకా పశువులు ఉండేవి, మేకలూ గొర్రెలూ వేరు. ఎవరి ఎడ్లని వాళ్లే చూసుకున్నా, ఆవుల్నీ పెయ్యల్నీ మాత్రం ఊరంతటికీ కలిపి ఒకాయన కాసేవాడు. పంట నూర్చాక తలకి ఇన్ని కుంచాలని ధాన్యం కొలిచి ఇచ్చేవారు. మేమంతా ఆయన్ని పెద్దయ్య అనే పిలిచేవాళ్లం. వరసకి నాకేమీ కాడు, కానీ మా తాత మాట కంటే ఆయన మాటకే నేను ఎక్కువ భయపడేవాణ్ణి.

బడి లేని రోజుల్లో మందతో పాటు నన్నూ తీసుకెళ్లమని అమ్మ పంపించేసేది. ఇంట్లో ఉంటే అల్లరి భరించలేక. మొదటిరోజే పెద్దయ్య నాకు ఒక పని చెప్పాడు. "ఒరే గుంటడా, ఆవు నోటికాడ కూకో. ఏటి తింటాదో సూడు, ఏటి వదిలేత్తాదో సూడు. సాయంత్రం నాకు సెప్పు." ఇంతోటి దానికి చూసేదేముందని అనుకున్నాను. తెల్లావు పక్కన గొంతుక్కూర్చుని చూస్తే తెలిసింది. అది మనలా కొరకదు. నాలుక బయటికి చాపి, గడ్డి చుట్టూ తిప్పి, లోపలికి లాక్కుని తెంపుతుంది. పైన ముందు పళ్లే లేవు దానికి! పరుగెత్తుకెళ్లి "పెద్దయ్యా, మన తెల్లావుకి పళ్లూడిపోయాయి" అంటే ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. ఆవుకే కాదు, గొర్రెకీ మేకకీ కూడా పైవరస ముందు పళ్లు ఉండవని ఆరోజే తెలిసింది.

ఆ నాలుకలోనే పచ్చిక లెక్కంతా ఉందని అర్థం కావడానికి నాకు ఇంకో పదేళ్లు పట్టింది. నాలుకతో చుట్టి లాగాలి కాబట్టి ఆవు మరీ నేలకి అంటుకున్న గడ్డిని అందుకోలేదు. రెండు వేళ్ల ఎత్తైనా ఉండాలి. గొర్రె పెదవి మధ్యకి చీలి ఉంటుంది, అది నేలకంటా గొరిగేస్తుంది. మేకకి అసలు గడ్డి మీద కంటే కొమ్మల మీదే చూపు, ముందుకాళ్లు చెట్టుకి ఆనించి నిలబడి ఆకు తింటుంది. అందుకే పెద్దయ్య ఆవుల్ని ముందు నడిపించి, గొర్రెల వాళ్లని ఆ తర్వాత రమ్మనేవాడు. గొర్రెలు ముందు వెళ్లిన చోట ఆవుకి ఆ పూట పస్తే.

గడ్డి పేర్లన్నీ ఆయన దగ్గర నేర్చుకున్నవే. గరిక సంగతి అందరికీ తెలుసు, వినాయకుడికి పెట్టేదే. చెరువు గర్భంలో నీళ్లు తీసిన చోట ఊద. మూడు పలకల కాడ ఉంటే అది గడ్డి కాదు, తుంగ. ఇప్పటికీ పార్కులో నడుస్తుంటే వంగి ఆ కాడని వేళ్ల మధ్య నలిపి చూస్తాను. మా ఆవిడ చుట్టూ చూస్తూ "లేవండి బాబూ" అంటుంది. కొండ వాలు మీద ఎదిగే పొడుగు గడ్డికి మేం పెట్టిన పేరు ముల్లుగడ్డి. వెన్ను వేశాక దాని గింజలు బాణాల్లా లాగుల్లోకి దిగి గుచ్చుకునేవి. లేతగా ఉన్నప్పుడు అదే మంచి మేత, ముదిరిందంటే పశువు మూతి తిప్పేసుకుంటుంది. ఇక వెంపలి, తంగేడు. ఇవి పశువు ముట్టనివి. "ఎంపలి పెరిగిందంటే ఆ నేల మీద పసువు నోరు మరీ ఎక్కువ పడిపోనాదని గురుతు" అనేవాడు పెద్దయ్య. తినేదాన్ని తినితిని చంపేస్తే, తిననిది ఖాళీ చూసుకుని వచ్చి కూర్చుంటుంది మరి.

కొండ మూయడం మాటకి వస్తాను. ఆ ఏడాది శ్రావణంలో నేనొక వెధవపని చేశాను. పెద్దయ్యకి జ్వరం వస్తే మా ఇంటి రెండావుల్నీ నేనే తోలుకెళ్లాను. చెరువు గట్టు మీద గడ్డి గొరిగేసినట్టుంది. పైకి చూస్తే తూరుపు కొండ మోకాళ్లెత్తు పచ్చగా ఊగుతోంది. వేపమండ చూసీ చూడనట్టు చింతచెట్టు దాటించేశాను. దారికి కనబడని ఒక పల్లం ఉంది అక్కడ, మా ఇంటి వాకిలంత. వారం రోజులు రోజూ అక్కడికే. ఆవులు సాయంత్రానికి కడుపులు ఉబ్బి వస్తుంటే, పాలు ఒక గ్లాసెడు పెరిగితే, నా అంత కాపరి లేడనుకున్నాను.

ఎనిమిదోరోజు మా తాత పట్టుకున్నాడు. కొట్టలేదు. ఆ రెండావుల్నీ పలుపులు పట్టుకుని తనే స్వయంగా తీసుకెళ్లి బందెలదొడ్డిలో కట్టేశాడు. ఊరంతా చూస్తుండగా జరిమానా కట్టి, తన ఆవుల్ని తనే విడిపించుకుని తెచ్చాడు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు, ఎవరూ తినమని అడగలేదు కూడా.

జ్వరం తగ్గాక పెద్దయ్య నన్ను ఆ పల్లానికి తీసుకెళ్లాడు. నాలుగు మూలలా నాలుగు రాళ్లు పాతించి "కార్తీకంలో సూద్దాం" అన్నాడు. కొండ తెరిచిన రోజు మందకంటే ముందు మేమిద్దరమే వెళ్లాం. చుట్టూ గడ్డి నా నడుం దాకా ఎదిగి, వెన్నులు పండి గింజ రాలుస్తోంది. రాళ్ల మధ్య మాత్రం జానెడు కూడా లేదు. వెన్ను లేదు, గింజ లేదు, మధ్యలో రెండు వెంపలి మొలకలు. ఆయన ఒక దుబ్బు పక్కనుంచి, ఒక దుబ్బు రాళ్ల మధ్యనుంచి పీకి నా చేతిలో పెట్టాడు. పక్కనున్న దాని వేరు జానెడున్నర. నేను మేపిన దాని వేరు నాలుగు వేళ్లు. "ఆవు ఒకపాలి తింటే గడ్డి సావదురా. మళ్లీ ఎదిగేనోపు రెండోపాలి మూతెడితే సత్తాది."

తర్వాత ఉద్యోగంలో చేరాక ట్రైనింగులో ఇదే విషయం బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు. ఆకు పోగానే మొక్క వేళ్ల దగ్గరా మొదట్లోనూ దాచుకున్న తిండితో కొత్త ఆకు వేస్తుంది. ఆ ఆకు ఎండ పట్టి, అప్పు తీర్చి, మళ్లీ మిగులు దాచాలంటే వారాలు పడుతుంది. మూడోరోజునే ఆ లేత చిగురు కొరికేస్తే దాచుకున్నదంతా కరిగిపోయి వేరు కుంచించుకుపోతుంది. పశువుకి లేత చిగురంటేనే ఇష్టం కాబట్టి, వదిలేస్తే మేసిన దుబ్బు దగ్గరికే మళ్లీ మళ్లీ వెళ్తుంది. పక్కన ముదురు గడ్డి ఎంతున్నా సరే. అంటే నూరు ఎకరాల్లో పది ఆవుల్ని వదిలినా, వాటికి నచ్చిన చోట నేల చచ్చిపోవచ్చు. ఎన్ని పశువులు అన్నదెంత ముఖ్యమో ఎన్నాళ్లు, మళ్లీ ఎప్పుడు అన్నదీ అంతే ముఖ్యం. గరిక ఒక్కటే దీనికి లొంగదు. దాని ఊపిరంతా నేల మీద పాకే తీగల్లో, నేల లోపలి కణుపుల్లో ఉంటుంది, నోటికి అందదు.

నేను చేరింది 1985లో, పశుసంవర్ధక శాఖలో లైవ్‌స్టాక్ అసిస్టెంటుగా. ట్రైనింగులో ఒక మాస్టారు చేయించిన లెక్క ఇంకా నా డైరీలో ఉంది. మన నాటు ఆవు 250 కిలోలు అనుకుంటే, తన బరువులో నూటికి రెండున్నర వంతు చొప్పున రోజుకి ఆరు కిలోల పైచిలుకు ఎండు మేత కావాలి. పచ్చగడ్డిలో ముప్పాతిక వంతుకి పైగా నీళ్లే, కాబట్టి పచ్చిదైతే పాతిక ముప్పై కిలోలు. ఏడాదికి ఎండు లెక్కన రెండు టన్నుల పైమాటే. మెట్ట కొండ మీద ఎకరానికి టన్ను గడ్డి పండిందనుకుంటే, అందులో సగం నేలకే వదలాలి. అంటే ఒక్కో ఆవుకి నాలుగున్నర ఎకరాలు.

ఆ లెక్క వేసి నేను ఉలిక్కిపడ్డాను. మా తూరుపు కొండ, పడమటి వాలు, చెరువు గర్భం అన్నీ కలిపినా 200 ఎకరాలు దాటవు. నూట ఇరవై పశువులకి 540 ఎకరాలు ఉండాలి! మరి మా ఊరు ఎలా బతికింది? నెలల తరబడి ఆలోచిస్తే తెలిసింది, మా పశువులు ఏడాదంతా కొండ మీద బతకలేదు. సంక్రాంతికి కోతలు అయిపోయాక పొలాలన్నీ వదిలేసేవారు, మోళ్లూ గట్ల మీద గడ్డీ రెండు నెలలు. తర్వాత వానలు పడేదాకా వరిగడ్డి వాము, కుడితి, చోడి గడ్డి, చేతిలో డబ్బులుంటే తెలకపిండి. కలుపు తీసిన గడ్డి గంపలకొద్దీ ఇంటికి వచ్చేది. కొండ మీద పూర్తిగా ఆధారపడింది నాలుగైదు నెలలే. ఆ నాలుగైదు నెలల్లోనూ ఒక ఏడు తూరుపు కొండ మూస్తే మరుసటేడు పడమటి వాలు మూసేవారు. చిన్నప్పుడు నాకు తూరుపు కొండే గుర్తుంది, ఎందుకో మరి, దెబ్బ తగిలింది అక్కడ కాబట్టి కావచ్చు.

ఏటా ఒకే కొండ మూస్తే ఎందుకు చాలదో కూడా ఉద్యోగంలోనే తెలిసింది. గింజ పండేదాకా ఆగితే నేలకి మంచిదే, కానీ అప్పటికి గడ్డిలో సారం పడిపోతుంది. పొట్టలోని సూక్ష్మజీవులు సరిగ్గా పనిచెయ్యాలంటే మేతలో నూటికి ఏడు పాళ్లయినా మాంసకృత్తులుండాలి. లేత గడ్డిలో అంతకంటే ఎక్కువే ఉంటాయి. గింజ రాలిన గడ్డి, వరిగడ్డి మూడు నాలుగు పాళ్ల దగ్గర ఆగిపోతాయి. కడుపు నిండుతుంది, ఒంటికి పట్టదు. నేలకి కావలసింది, పశువుకి కావలసింది ఎప్పుడూ ఒకే రోజున కుదరవు. మూసిన వాలు నేలకి, తెరిచిన వాలు పశువుకి, వచ్చే ఏడు తారుమారు. చదువురాని మనిషి ఈ బేరం ఎలా కుదిర్చాడో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అలాగని పాతవాళ్లు చేసిందంతా మేలే అనను. మాఘం వెళ్లాక కొండకి నిప్పు పెట్టేవాళ్లు. ఎండు గడ్డి కాలిపోతే మొదటి జల్లుకే చిగురొస్తుందని. చిగురు వచ్చేది నిజమే. కానీ ఏటేటా కాలిస్తే మెత్తటి మేతగడ్డి తగ్గి ముల్లుగడ్డి పెరుగుతుంది. దాని గింజకున్న ముల్లు తడి తగలగానే మెలితిరుగుతూ మట్టిలోకి దిగిపోతుంది, మంట దాన్ని ముట్టదు. పైగా ఆకూ అలమూ కాలిపోయిన వాలు మీద మొదటి వాన పడితే ఎర్రమట్టి గెడ్డలోకి, అంటే కొండవాగులోకి, కొట్టుకుపోయేది. గెడ్డ ఎర్రగా పారితే పిల్లలం చప్పట్లు కొట్టేవాళ్లం. కొండ పోతోందని ఎవరికి తెలుసు. ఈ విషయంలో మా తాతతో ఒకసారి వాదించాను, ఆయన వినలేదు.

1987లో వానలు మొహం చాటేశాయి. అప్పుడు నా డ్యూటీ భీమిలి వైపు ఊళ్లలో. ఒక రైతు, జానెడు ఎదిగి వాడిపోయిన జొన్న చేలోకి ఎడ్ల జతని వదిలాడు. ఎలాగూ పంట లేదు, పశువుకైనా దక్కుతుందని. గంటలోపే కబురొచ్చింది. వెళ్లేసరికి ఒకటి పడిపోయి ఉంది, రెండోది ఊపిరి అందక వణుకుతోంది. జొన్న నాము. లేత జొన్నలో, నీటెద్దడికి గిడసబారిన జొన్నలో సైనైడు తయారవుతుంది. మోకాలు దాటి ఏపుగా ఎదిగి పూత దశకి వచ్చాక ఆ భయం తగ్గిపోతుంది. డాక్టరుగారు దానికి విరుగుడుగా హైపో సూదిమందు నరానికి ఎక్కించారు. రెండోది నిలబడింది, మొదటిది దక్కలేదు. ఆ రైతు పోయినదాని మెడలో గంట విప్పి చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. నేను అంతవరకు నాము అన్నమాట పరీక్ష కోసం చదివాను, అంతే.

స్టైలో కథ చెప్పకపోతే నా సర్వీసు పూర్తికాదు. స్టైలో అంటే పప్పుజాతి మేతమొక్క, మెట్టలో తట్టుకుంటుంది, వేరుబుడిపెల్లో గాలిలోని నత్రజనిని పట్టి పక్కనున్న గడ్డికి కూడా పెడుతుంది. మేత పోరంబోకుల్లో చల్లమని మాకు గోనెసంచుల్లో విత్తనం ఇచ్చారు. దాని గింజ పైపొర గట్టిది. 80 డిగ్రీల వేడినీళ్లలో నాలుగైదు నిమిషాలు ముంచి ఆరబెడితే గానీ సరిగ్గా మొలవదు. ముంచాలని మాకు చెప్పినవాళ్లు లేరు, చదివి తెలుసుకున్న వాణ్ణి నేనూ కాదు. ముప్పై ఎకరాల్లో చల్లాం. మొలిచిన కాసినీ మొలవగానే మేకలు ఊడ్చేశాయి. రెండేళ్ల తర్వాత చూస్తే ఆ మొక్క ఒక్కచోటే పసుపు పూలతో గుబురుగా ఉంది. ఎక్కడనుకున్నారు? శ్మశానం గోడ లోపల. చల్లుతున్నప్పుడు గాలికి లోపల పడ్డ గింజలు. గేటు వేసి ఉండేది కాబట్టి మేక వెళ్లలేదు. రిపోర్టులో ఏం రాయాలో తెలియక టెన్షన్ పడి, చివరికి "కొన్ని ప్రదేశాలలో ఫలితం సంతృప్తికరం" అని రాశాను. పెద్దయ్యకి చెబితే "ఇత్తనం మంచిదే బాబూ, కాపలాయే నేదు" అన్నాడు. ఉద్యోగం వచ్చాక ఆయన నన్ను గుంటడా అనడం మానేశాడు. అది నాకు నచ్చలేదు.

ఆయన 1990 దాటాక ఎక్కువ రోజులు లేడు. మంద అంతకుముందే చెదిరిపోయింది. ఎడ్ల బదులు ట్రాక్టర్లు వచ్చాయి, నాటు ఆవుల బదులు ఇంటికో జెర్సీ వచ్చి సాలలోనే ఉండిపోయింది. కొండ మూయాలంటే ఊరంతా ఒక మాట మీద ఉండాలి. సగం మందికి పశువులే లేనప్పుడు ఎవరి మాట ఎవరు వింటారు. డప్పు ఆగింది, వేపమండ ఆగింది. మేకలు మాత్రం ఆగలేదు. తర్వాత లంటానా పొదలు కమ్ముకున్నాయి. అది తిన్న పశువుకి కాలేయం చెడి, ఎండకి చర్మం పొలుసులు కడుతుంది. దారి పక్కన సర్కారు తుమ్మ. దాని తియ్యటి కాయలు పశువులే తిని పేడతో పాటు గింజల్ని ఊరంతా నాటాయి. చదును చేసిన లేఅవుట్లలో వయ్యారిభామ. గతిలేక అది మేసిన గేదె పాలు చేదు. మధురవాడ, కొమ్మాది దాకా సిటీ వచ్చింది, ఆపైన మా ఊరికీ వచ్చింది. మా పొలం మేమే అమ్ముకున్నాం. ఎవర్నీ అనేదేం లేదు.

సింహాద్రి అప్పన్నకి మొక్కుకుని భక్తులు కోడెదూడల్ని తెచ్చి ఇస్తారు కదా. రిటైరయ్యాక ఒకసారి కొండ మీద ఒక కుటుంబం నెల కూడా నిండని దూడకి గడ్డి తినిపించాలని చూస్తుంటే ఆగలేక చెప్పేశాను. దానికి గడ్డి అరిగే పొట్ట తయారవడానికి మూడు నెలలు పడుతుందమ్మా, ఇప్పుడు కావలసింది తల్లి పాలు అని. పెద్దావిడ నాకేసి పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. గడ్డికట్ట అమ్మే అబ్బాయి ఇంకా కోపంగా చూశాడు.

మేం ఇప్పుడుంటున్నది ఎండాడ దగ్గర అపార్టుమెంటులో. మా బాల్కనీ కింద అరెకరం ఖాళీ స్థలం ఉంది, ఎవరిదో, నాలుగు వైపులా ప్రహరీ, ఇనుప గేటు. రెండేళ్లుగా లోపలికి ఏదీ వెళ్లలేదు. ఈ వానలకి చూడాలి దాన్ని! గరిక గోడదాకా పాకింది, మూలన నీరు నిలిచే చోట ఊద, మధ్యలో నేను పేరు మరిచిపోయిన మెత్తటి గడ్డి ఒకటి. గోడ వారగా పసుపు పూలు. కళ్లద్దాలు మార్చుకుని మరీ చూశాను, స్టైలోనే. ఎక్కణ్ణుంచి వచ్చిందో.

భాద్రపదంలో ఒకరోజు గేటు దగ్గర నిలబడి చూస్తుంటే ఆ స్థలం వాచ్‌మన్ దగ్గరికి వచ్చాడు. మాది విజయనగరం వైపు బాబూ అన్నాడు. వాళ్లప్పకి ఆరిలోవలో ఒక ఆవుందట, మేతకి ఇబ్బందిగా ఉందట, ఓనరుకి చెప్పకుండా లోపలికి తోలితే తప్పా అని అడిగాడు.

"కార్తీకం దాకా ఆగు. గింజ రాలనీ. అప్పుడు తోలితే వచ్చే ఏడు ఇంతకు రెండింతలు వస్తుంది" అన్నాను.

"కార్తీకానికా? అప్పుడు శంకుస్థాపన సేత్తారంట బాబూ. పదంతస్తులంట."

గేటు చువ్వల్లోంచి చెయ్యి పెట్టి ఒక వెన్ను తెంపి చూశాను. ఇంకా పాలు పట్టే దశలోనే ఉంది.

"అయితే రేపే తోలుకొచ్చెయ్" అన్నాను.